మీకు తెలుసా? బటన్‌కు కావలసిన రెసిస్టర్ చిప్‌లోనే ఉంది

ఆర్డునో ఊనో బోర్డు పిన్‌కు ఒక బటన్ మాత్రమే తగిలించి చూడండి. ఎవరూ నొక్కకపోయినా ప్రోగ్రాం ఒకసారి 0, ఒకసారి 1 చదువుతుంది. ఏ వోల్టేజికీ కట్టుబడని పిన్ తెగిన గాలిపటం లాంటిది. దగ్గరగా చెయ్యి పెట్టినా, పక్కన కరెంటు తీగ ఉన్నా దాని తీరు మారిపోతుంది. అందుకే చాలామంది బయట 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెడతారు.

నిజానికి ఆ బోర్డులోని ఏటీమెగా328పీ చిప్‌లో డిజిటల్ పిన్‌లకు పిన్‌ను సరఫరా వోల్టేజి వైపు పట్టి ఉంచే 20 నుంచి 50 కిలో ఓమ్‌ల పుల్-అప్ రెసిస్టర్లు ముందే ఉన్నాయి. పిన్‌ను ఇన్‌పుట్‌గా ప్రకటించేటప్పుడే పుల్-అప్ కూడా కావాలని రాసి, బటన్ రెండో కొసను గ్రౌండ్‌కు కలిపితే చాలు. అయితే లెక్క తిరగబడుతుంది: నొక్కితే 0, వదిలితే 1. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే.

ఈ చిప్‌లో పుల్-డౌన్, అంటే పిన్‌ను గ్రౌండ్ వైపు పట్టి ఉంచే రెసిస్టర్, లేదు. రాస్ప్‌బెర్రీ పై పికోలోని ఆర్‌పీ2040లో రెండూ ఉన్నాయి. ఈఎస్‌పీ32లోనూ ఉన్నాయి, కానీ 34 నుంచి 39 వరకు పిన్‌లకు రెండూ లేవు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఊనో రీసెట్ అయినప్పుడు ప్రోగ్రాం మొదలయ్యేదాకా ఈ లోపలి రెసిస్టర్లు పనిచెయ్యవు, పిన్ మళ్లీ తెగిన గాలిపటమే. మోటారును నడిపే మాస్‌ఫెట్ (స్విచ్‌లా వాడే ట్రాన్సిస్టర్) గేటుకు బయట పుల్-డౌన్ పెట్టకపోతే, ఆ కాస్త వ్యవధిలో మోటారు దానంతటదే కదలవచ్చు.