గోలకొండ వజ్రము - కొల్లూరు గని

ఒక సెలవు నాటి ఉదయమున శేరిలింగంపల్లి మండలములోని ఖాజాగూడ గుట్ట నెక్కితిమి. ఒకవైపు హైటెక్ సిటీ అద్దాల మేడలు, మరియొకవైపు, ఆగ్నేయముగా, గోలకొండ కోట కనబడుచుండెను. మాతో వచ్చిన బాలు డొకడు కాలి క్రింది బండను తట్టి, "గోలకొండ వజ్రాలు ఈ రాళ్ళలోనే దొరికాయా?" అని అడిగెను. ప్రశ్న చిన్నదే. దానికి సరియైన సమాధానము చూపుటకు మేము రెండువందల కిలోమీటర్లకు మించి ప్రయాణము చేయవలసివచ్చినది.

ఖాజాగూడ, దుర్గం చెరువు, గచ్చిబౌలి ప్రాంతముల రాళ్ళు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు శిలలు. వీనిలో వజ్రములు లేవు. గోలకొండ కోట నిలిచిన కొండయు ఇట్టి గ్రానైటే. వజ్రము పుట్టుచోటు భూమిలో 150 కిలోమీటర్లకు దిగువన. అచ్చటి వేడిమికి, ఒత్తిడికి కర్బనము స్ఫటికముగా మారును. కింబర్లైటు అను శిలాద్రవము పైకి ఎగదన్నుకొని వచ్చునపుడు వజ్రములను తనతో మోసికొని వచ్చును. అనంతపురము జిల్లా వజ్రకరూరు దగ్గర అట్టి కింబర్లైటు గొట్టములు కలవు. యుగయుగముల వానలకు శిలలు అరగిపోగా, అరగని వజ్రములు వాగులవెంట, నదులవెంట కొట్టుకొనివచ్చి గులకరాళ్ళ పొరలలో నిలిచిపోయినవి. కృష్ణాతీరమున కొల్లూరు, పరిటాల, కర్నూలు సీమలో రామళ్ళకోట మొదలైనవి ఇట్టి తావులే. గోలకొండ రాజ్యము పేరు, కోట పేరు. రత్నముల బేరసారములు హైదరాబాదులోని కార్వానులో జరిగెడివి. సరకు అమ్మిన చోటి పేరు లోకమునకు తెలిసినది. త్రవ్విన చోటి పేరు మరుగుపడినది.

ఆ మరుగుపడిన చోటికే మేము బయలుదేరితిమి. 17వ శతాబ్దమున జీన్ బాప్టిస్ట్ టావెర్నియర్ అను ఫ్రెంచి రత్నవర్తకుడు పలుమార్లు మన దేశమునకు వచ్చి, గనులను కన్నులార చూచి వ్రాసిపెట్టెను. గోలకొండ నుండి తూర్పుగా ఏడు దినముల ప్రయాణములో కొల్లూరు గని యున్నదని ఆయన లెక్క. మాకు పట్టినది అర దినమే. విజయవాడ రహదారిని కోదాడ దగ్గర వదలి, మేళ్ళచెరువు మీదుగా కృష్ణవైపు తిరిగితిమి. సున్నపురాయి నేలలు, సిమెంటు కర్మాగారములు, వానిని దాటినపిదప గుట్టల నడుమ సన్నని దారి. ఎదుట పులిచింతల జలాశయము. ఆవలి గట్టున పల్నాడు కొండలు. కొల్లూరు అటువైపుది.

ఆ ఊరిని దేశభాషలో "గని" అందురని టావెర్నియర్ వ్రాసెను. త్రవ్వు చోటునకు మన మాట అదియే గదా! ఎచటికి పోవుచున్నారని అడిగిన పరదేశికి కూలీలు "గనికి" అని చెప్పియుందురు. అదియే ఊరి పేరని ఆయన తలచియుండునని మాకు తోచినది. ఆయన మొదటిసారి చూచునాటికి స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిసి 60,000 మంది దాక అచట పని చేయుచుండిరట. త్రవ్వుట పురుషుల పని. మన్ను మోయుట స్త్రీలది, పిల్లలది. గోతులు పది, పన్నెండు, పదునాలుగు అడుగుల లోతు దిగును. నీరు పడెనా, ఇక దిగువన ఆశ లేదని విడిచి, మరియొక గొయ్యి మొదలుపెట్టుదురు.

తెచ్చిన మన్నును రెండడుగుల ఎత్తు గోడలు గల మడిలో పోసి, నీరు నింపి నానబెట్టుదురు. ఒకటి రెండు దినములకు గోడ అడుగునున్న తూముల బిరడాలు తీసి బురదనీటిని వదలివేయుదురు. మిగిలిన ఇసుకను ఎండలో ఆరబెట్టి, ధాన్యము చెరిగినట్లు చేటలతో చెరుగుదురు. గడ్డలను రోకళ్ళతో దంచి మరల చెరుగుదురు. తుదకు నేలపై పరచి, అందరు వరుసగా కూర్చుండి చేతులతో ఏరుదురు. యంత్రము లేదు, మన ఇంటి ముంగిట పంట నూర్చునాటి పనిముట్లే అవి. ప్రపంచమునకు మకుటరత్నములు అందించినది చేట, రోకలి, ఆడువారి ఓర్పు.

మరి కూలి యెంత? నేర్పుగల పనివానికి సహితము ఏటికి మూడు వరహాలు మాత్రమే అని, మరియొక గని విషయము చెప్పుచు టావెర్నియర్ వ్రాసెను. అందువలననే కొందరు దొరకిన రాయిని మ్రింగి దాచుకొనెడివారట. పెద్ద రాయిని దొరకించుకొని యజమానికి అప్పగించినవానికి ఒక తలపాగా గుడ్డ, కొంచెము సొమ్ము, బియ్యము, ఒక పళ్ళెము చక్కెర బహుమానము. టావెర్నియర్ ఫ్రాన్సు రాజు 14వ లూయీకి 1668లో అమ్మిన నీలివజ్రము కొల్లూరుదేయని పండితులు తలచుచున్నారు. అది పలుమార్లు సానబట్టబడి, "హోప్" అను పేరుతో 1958 నుండి వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాలలో నున్నది. కోహినూరు సైతము కొల్లూరుదే యని పెక్కుమంది నమ్మిక. రాయి చేతులు మారిన రాజుల పేర్లన్నియు గ్రంథములలో కలవు. మొదట దానిని మట్టిలోనుండి ఏరిన చేయి ఎవరిదో ఏ గ్రంథమునను లేదు.

18వ శతాబ్దము ఆరంభమున బ్రెజిలులో వజ్రములు బయటపడెను. అంతవరకు లోకమునకు దాదాపు మన దేశమే ఆధారము. అటుపై ఆ ప్రాధాన్యము పోయినది. గోతులు పూడినవి, జనము చెదరినది. 2013లో పులిచింతల ఆనకట్ట ప్రారంభమైనది. కొల్లూరు గనుల నేల ఆ జలాశయములో మునిగిపోయినది. కృష్ణా డెల్టా పొలములకు నీరు కావలసినదే. దానిని తప్పుపట్టుట మా ఉద్దేశము గాదు. కాని గట్టున నిలిచినపుడు మాకు కనబడినది నీరు మాత్రమే. బాలుడు, "గని ఎక్కడ?" అని అడిగెను. నీటివైపు చేయి చూపితిమి. ఒక పలకయైన లేని చోట మాటయే పలక కావలెను.

వజ్రముల ఆశ మాత్రము మునిగిపోలేదు. తొలకరి జల్లులు పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి ప్రాంతములలోను, వజ్రకరూరు చుట్టుపట్లను నేటికిని జనము చేలలో వంగి మెరసెడి రాళ్ళకై వెదకుదురు. కొందరు కూలిపనులు మాని, పిల్లలతో వచ్చి చెట్ల క్రింద వండుకొని తిందురు. ఒకరికి రాయి దొరకినదను వార్త ఊరూర పాకును; వట్టి చేతులతో తిరిగిపోయిన వందలమంది మాట ఎవరును చెప్పరు. దొరకినవాడు రాయి విలువ తెలియక వ్యాపారి చెప్పిన ధరకే ఇచ్చివేయుటయు కలదు. టావెర్నియర్ నాటి తలపాగా, చక్కెర పళ్ళెముల కథ ఇంకను ముగియలేదు.

ఇట్టి తావులు చూడబోవువారికి ఒక హెచ్చరిక. పాడుపడిన గని గాని, మన నగరము చుట్టునున్న పాత రాతిక్వారీ గాని చూచుటకు చెరువువలె నుండును, చెరువు గాదు. చెరువునకు వాలు గట్టు కలదు. క్వారీ అంచు నిట్టనిలువు, ఒక్క అడుగులో నిలువు లోతు. పిల్లలను ఈతకు దింపరాదు. వాన వెలిసిన వెంటనే అంచుల దగ్గరకు పోరాదు. ముందు ఆ ఊరివారి నడిగి, వారు పోవలదన్న చోటికి పోకుండుట మేలు.

తిరుగుప్రయాణములో, చీకటిపడువేళకు, ఖాజాగూడ గుట్ట మరల కనబడెను. బాలుడు నిద్రమత్తులోనే, "అయితే వాటిని కొల్లూరు వజ్రాలు అనాలి గదా!" అనెను. మేమును అదియే మనవి చేయుచున్నాము. గోలకొండ వజ్రమను మాట ఇకమీద వినబడినపుడు, కోట వెంట కొల్లూరు పేరును, రాజుల వెంట ఆ చేట పట్టిన చేతులను ఒక్కమారు తలచుకొందము.