ఉండేది ఒక ఊరు, కార్డులో ఇంకొక ఊరు

(డ్రైవింగ్ లైసెన్సు, గుర్తింపు కార్డులలో చిరునామా గురించి)

పాల క్యాన్లు తెచ్చే ఆటో ట్రాలీ నడుపుకొనే సభ్యుడొకరు కిందటేడు మా దగ్గరకు ఒక కాగితం పట్టుకొని వచ్చారు. మూడు శివారు పల్లెల పాలు రెండు పూటలా శీతలీకరణ కేంద్రానికి చేర్చడం ఆయన పని. బండి సొంతం. లైసెన్సు ఉంది, బీమా కట్టి ఉంది. అంతకు రెండేళ్ళ ముందు చెరువు మలుపులో బండి ఒక సైకిలుకు తగిలి, సైకిలు మీది మనిషికి కాలు విరిగింది. ఆసుపత్రికి తానే తీసుకువెళ్ళారు, చేతనైనంత ఖర్చు పెట్టుకున్నారు, అంతటితో అయిపోయిందనుకున్నారు.

దెబ్బ తగిలిన మనిషి నష్టపరిహారం కోసం ట్రిబ్యునల్‌కు వెళ్ళాడు. అది అతని హక్కు. అయితే ట్రిబ్యునల్ పంపిన నోటీసు బండి రిజిస్ట్రేషను కాగితంలో ఉన్న ఊరికి, అంటే మన సభ్యుని అమ్మమ్మగారి ఊరికి వెళ్ళింది. ఆ ఇల్లు అమ్మి ఆరేళ్ళయింది. నోటీసు తిరిగిపోయింది. తరువాత పత్రికలో ప్రకటన వేశారట. తెల్లవారుజామున మూడింటికి లేచి క్యాన్లు సర్దుకొనే మనిషి ఆ ప్రకటన ఎప్పుడు చూస్తాడు? ఆయన లేకుండానే తీర్పు వచ్చింది. లైసెన్సు చూపించేవారు లేకపోవడంతో, బీమా కంపెనీ ముందు డబ్బు కట్టి తరువాత బండి యజమాని దగ్గర రాబట్టుకోవచ్చునని అందులో రాశారు. ఆయన తెచ్చిన కాగితం అదే. లైసెన్సు సక్రమమైనదే కనుక వకీలు ఆ తీర్పును మళ్ళీ తెరిపించే ప్రయత్నంలో ఉన్నారు. కాని ఆ తిరుగుడు, ఆ ఖర్చు ఒక్క చిరునామా మార్చుకోనందుకు వచ్చినవే.

కార్డులో చిరునామా అనేది మనం పుట్టిన ఊరో, మన పొలం ఉన్న ఊరో చెప్పడానికి కాదు. ప్రభుత్వం ఒక ఉత్తరం పంపితే అది మన చేతికి అందడానికి. ఈ ఒక్క మాట మనసులో ఉంచుకుంటే మిగిలిన నిబంధనలన్నీ సులభంగా బోధపడతాయి.

ముందు లైసెన్సు సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం మనిషి సాధారణంగా నివసించే చోటునుబట్టి గాని, వ్యాపారం చేసుకొనే చోటునుబట్టి గాని లైసెన్సుకు దరఖాస్తు పెట్టాలి. డ్రైవింగ్ నేర్చుకొనే స్కూలు ఉన్న చోటైనా ఫరవాలేదు. పూర్వం ఆ ప్రాంతపు అధికారి వద్దకే వెళ్ళాలనేవారు. 2019లో చట్టాన్ని సవరించి, ఆ రాష్ట్రంలో ఏ లైసెన్సింగ్ అధికారి వద్దనైనా పెట్టుకోవచ్చునన్నారు. ఒకసారి లైసెన్సు వచ్చాక అది దేశమంతటా చెల్లుతుంది. పెనుగంచిప్రోలు వైపు తీసుకొన్న లైసెన్సుతో మధిర వైపు బండి నడిపితే తప్పేమీ లేదు. రాష్ట్రం దాటిన ప్రతిసారీ లైసెన్సు మార్చాలని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

నివాసానికి రుజువుగా ఏ కాగితాలు చూపాలో 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలలో ఉంది. ఓటర్ల జాబితా, జీవిత బీమా పాలసీ, పాస్‌పోర్టు, ప్రభుత్వ కార్యాలయం గాని స్థానిక సంస్థ గాని ఇచ్చిన జీతపు చీటీ అందులో ఉన్నాయి. ఇవేవీ లేని మనిషి సంగతి ఏమిటి? అద్దె ఇంట్లో ఉంటూ, ఏ కాగితమూ తన పేర లేని పాలేరు కుర్రవాడు ఉంటాడు. సరైన కారణం చూపి, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ముందో, మొదటి తరగతి జుడీషియల్ మేజిస్ట్రేటు ముందో, నోటరీ ముందో ప్రమాణం చేసి ఇచ్చిన అఫిడవిట్‌ను అధికారి అంగీకరించవచ్చునని అదే నియమంలో ఉంది. ఈ సంగతి మన పల్లెల్లో చాలామందికి తెలియదు. తెలియకనే బ్రోకరు చెప్పిన ఏదో ఒక ఊరి చిరునామా వేయించుకుంటారు. మోసంతోనో తప్పుడు మాటతోనో సంపాదించిన లైసెన్సును రద్దు చేసే అధికారం చట్టంలో ఉంది. వేలు పోసి కొనుక్కొన్న తలనొప్పి అది.

రేషను కార్డు చూపితే చాలదా అని తరచు అడుగుతుంటారు. ఒకప్పుడు అన్నిటికీ అదే ఆధారం. ఇప్పుడు కాదు. రేషను కార్డును గుర్తింపుకు గాని నివాసానికి గాని రుజువుగా వాడరాదని 2015 నాటి ప్రజాపంపిణీ నియంత్రణ ఉత్తర్వులోనే రాసి ఉంది. బియ్యం తెచ్చుకోవడానికే ఆ కార్డు. అయినా అది పూర్తిగా పనికిరానిదేమీ కాదు, ఎక్కడ పనికి వస్తుందో కింద చెబుతాము.

ఇప్పుడు ఎక్కువమంది ఆధార్‌తోనే పని జరుపుకుంటున్నారు. 2021 మార్చిలో కేంద్ర రవాణా శాఖ ఇచ్చిన ఉత్తర్వుతో, లర్నర్ లైసెన్సు, లైసెన్సు పునరుద్ధరణ, చిరునామా మార్పు వంటి 18 పనులు ఆధార్ సరిచూపుతో, ఆఫీసుకు వెళ్ళకుండానే జరుపుకొనే వీలు వచ్చింది. సౌకర్యమే. కాని ఆధార్‌లో ఏ ఊరు ఉంటే లైసెన్సులోకి ఆ ఊరే దిగుతుంది. తప్పు ఒక కార్డు నుంచి మరొక కార్డుకు, పొదుగు వాపు ఒక చన్ను నుంచి మరొక చన్నుకు పాకినట్టు పాకుతుంది. అందుచేత ముందు సరిచేసుకోవలసింది ఆధార్‌నే.

ఇక్కడ మన మహిళా సభ్యుల సంగతి ముఖ్యం. పాలు పోసేది కోడలు. గేదె ఆమె పేర, సంఘంలో వాటా ఆమె పేర. ఆధార్‌లో మాత్రం పుట్టింటి ఊరు. పెళ్ళయి పదేళ్ళయినా అలాగే ఉంటుంది. సభ్యత్వ దరఖాస్తు వచ్చినప్పుడు, ఈమె మన సంఘం పరిధిలో ఉంటున్నట్టు ఏమిటి ఆధారమని కార్యదర్శి అడగక తప్పదు. బ్యాంకులోనూ అదే ప్రశ్న. కరెంటు బిల్లు మామగారి పేర, ఇంటి పన్ను మామగారి పేర. ఇక ఆమె ఏమి చూపాలి?

దీనికి 2023 జనవరి నుంచి ఒక దారి ఉంది. కుటుంబ పెద్ద ఆధార్‌లో ఉన్న చిరునామాను, ఆయన లేక ఆమె అంగీకారంతో, ఇంట్లో మిగిలినవారు తమ ఆధార్‌లోకి తెచ్చుకోవచ్చు. పెద్ద అంటే ముసలివారే కానక్కరలేదు, 18 ఏళ్ళు నిండిన వారెవరైనా చాలు. ఇద్దరి పేర్లూ, వారి సంబంధమూ ఉన్న కాగితం ఒకటి కావాలి. పెళ్ళి ధ్రువపత్రం సరిపోతుంది. పైన పనికిరాదన్న రేషను కార్డు ఇక్కడ పనికి వస్తుంది, ఎందుకంటే ఇక్కడ అది చూపేది చుట్టరికాన్ని, ఇంటిని కాదు. ఏ కాగితమూ లేకపోతే కుటుంబ పెద్ద నిర్ణీత నమూనాలో స్వయంగా రాసి ఇవ్వవచ్చు. దరఖాస్తు పెట్టగానే పెద్దకు ఫోనులో సందేశం వస్తుంది. 30 రోజులలోగా అంగీకారం తెలపాలి. సందేశం వచ్చిందని తెలియక గడువు దాటిపోతే మళ్ళీ మొదటికి వస్తుంది. కనుక ఆధార్‌కు ఇచ్చిన ఫోను నంబరు ఇప్పటికీ ఇంట్లో ఉన్నదేనా అని ముందు చూసుకోండి.

ఇంకొక అనుమానం చాలా ఇళ్ళలో ఉంది. చిరునామా మార్చాలంటే అత్తవారి ఇంటి పేరు పెట్టుకోవాలా? అక్కరలేదు. ఇంటి పేరు మార్చుకోవడం ఆమె ఇష్టం. అది వేరు, ఇది వేరు.

ఆధార్ ఉన్నంత మాత్రాన ఆ ఊరి స్థానికత గాని, పౌరసత్వం గాని రుజువు కాదని 2016 నాటి ఆధార్ చట్టంలోనే ఉందన్న సంగతి కూడా సభ్యులు గమనించాలి.

ఓటరు కార్డుకు నివాసం లెక్క కొంచెం వేరు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం మనిషి సాధారణంగా నివసించే చోటే ఓటు. ఆ ఊళ్ళో ఇల్లు ఉందన్న ఒక్క కారణంతో ఓటు రాదు. అలాగే కొంతకాలం ఊరు విడిచినందుకు ఓటు పోదు. మేత దొరకని రోజులలో గేదెలను తోలుకొని వేరే తావుకు వెళ్ళినవారు, నాలుగు నెలలు హైదరాబాదులో కూలికి వెళ్ళినవారు తమ ఊరివారే. పూర్తిగా మకాం మార్చినవారు మాత్రం ఫారం 8 పెట్టి ఓటును కొత్త ఊరికి మార్చుకోవాలి. రెండు చోట్లా పేరు ఉంచుకోరాదు. తెలిసి తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది వరకు జైలు, జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. జగిత్యాల, సిరిసిల్ల వైపు గల్ఫ్‌కు వెళ్ళిన పిల్లలున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. అక్కడి పౌరసత్వం తీసుకోనివారు పాస్‌పోర్టులో ఉన్న భారతదేశపు చిరునామాను బట్టి ఫారం 6ఎ ద్వారా ఓటరుగా నమోదు కావచ్చు. కొత్తగా పేరు చేర్చుకొనేటప్పుడు ఏ నివాస కాగితమూ లేని మనిషి ఉంటే, బూత్ స్థాయి అధికారి ఇంటికి వచ్చి విచారించాలి. కాగితం లేదని తిప్పి పంపితే ఈ మాట గుర్తు చేయండి.

ఇక బండి. మొదట చెప్పిన సభ్యునికి దెబ్బ తగిలింది ఇక్కడే. యజమాని నివాసం మారితే 30 రోజులలోగా కొత్త చిరునామా రిజిస్ట్రేషను అధికారికి తెలియజేయాలని చట్టం. లైసెన్సులో మార్చుకొన్నంత మాత్రాన బండి కాగితంలో దానంతట అది మారదు. రెండూ వేర్వేరు దరఖాస్తులు. బండిని వేరే రాష్ట్రానికి తీసుకువెళ్ళి 12 నెలలకు మించి అక్కడే ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. సరిహద్దు గ్రామాలలో పాల బండ్లు నడిపేవారు ఇది మరువరాదు. గేదెను అమ్మితే చెవి బిళ్ళ 12 అంకెల నంబరు కింద యజమాని పేరు మార్పించుకోమని మనం పదేపదే చెబుతాము. బండి విషయంలో మాత్రం మనమే అశ్రద్ధ చేస్తాము.

ఇల్లు కదలకుండానే చిరునామా మారినవారు కూడా మనలో ఎందరో ఉన్నారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2014లో రాష్ట్రం రెండయింది. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఒక పెద్దాయన దగ్గర నాలుగు కాగితాలు ఉంటే నాలుగింటిలో నాలుగు రకాలుగా ఉంటుంది. కంగారు పడనవసరం లేదు. జిల్లా పేరు మారినంత మాత్రాన లైసెన్సు చెల్లకుండా పోదు. ఏదైనా పని మీద కార్డు మార్పించుకొనేటప్పుడు కొత్త మండలం, కొత్త జిల్లా వేయించుకుంటే సరిపోతుంది.

చిరునామా చెప్పేటప్పుడు పంచాయతీ ఇచ్చిన ఇంటి నంబరు, వీధి, శివారు పల్లె పేరు, గ్రామం, తపాలా కార్యాలయం, మండలం, జిల్లా, ఆరంకెల పిన్ కోడు వరుసగా చెప్పాలి. 1972 ఆగస్టు 15న వచ్చిన ఈ పిన్ కోడులో మన రెండు రాష్ట్రాలకూ మొదటి అంకె 5. మీ కోడు 5తో మొదలు కాకపోతే ఎక్కడో తప్పు పడిందన్నమాట. శివారు పల్లెల వారు పల్లె పేరు, పెద్ద ఊరి పేరు రెండూ చెప్పకపోతే తపాలా జవాను పెద్ద ఊరంతా తిరిగి ఉత్తరం వెనక్కి పంపుతాడు, తప్పు అతనిది కాదు. ఊరి పేరుకు ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్క కార్డులో ఒక్కొక్క తీరుగా పడతాయి. నమోదు చేసే అబ్బాయికి నోటితో చెప్పి ఊరుకోక, పాత కార్డు చూపించి అందులో ఉన్నట్టే కొట్టించండి. రసీదు తీసుకొన్నాక, కుర్చీలోంచి లేవకముందే ఒకసారి చదివించుకోండి.

సంఘాల కార్యదర్శులకు ఒక మనవి. పాల బిల్లు చెల్లించే రోజున సభ్యులందరూ ఎలాగూ కేంద్రానికి వస్తారు. ఈసారి వచ్చేటప్పుడు ఆధార్, లైసెన్సు, బండి కాగితం తెమ్మని ముందురోజు పాలు పోసేటప్పుడే చెప్పండి. మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరిది ఎక్కడ తేడాగా ఉందో అరగంటలో తేలిపోతుంది.