ఖాళీ ఊయల ఎవరి పాపం?

పలివెలలో మా సంఘపు సహోదరి ఒకామెకు తొమ్మిదో నెలలో చనిపోయిన బిడ్డ పుట్టింది. పరామర్శకు వెళ్లిన ఆడవాళ్లం చాపమీద కూర్చున్నాం. “ఏ పాపానికి శిక్షో!” అన్నారొకరు. “గ్రహణం నాడు బయట తిరిగింది” అన్నారు ఇంకొకరు. “దేవుని చిత్తం అమ్మా” అని నేనూ అన్నాను. ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది.

ఇంటికొచ్చాక నా మాటే నన్ను గుచ్చింది. నెలరోజులుగా ఆమె కాళ్లు, ముఖం వాచి ఉండటం మేమంతా చూశాం. తలనొప్పి అంటూ ఆరాధన మధ్యలో లేచి వెళ్లడమూ చూశాం. “బీపీ చూపించుకున్నావా?” అని ఒక్కరమూ అడగలేదు.

పుట్టుగ్రుడ్డివానిని చూసి, ఇది ఎవరి పాపమని శిష్యులు ప్రభువును అడిగారు. వాని పాపమూ కాదు, వాని తలిదండ్రుల పాపమూ కాదని ఆయన చెప్పాడు (యోహాను 9). మనం ఇంకా శిష్యుల ప్రశ్న దగ్గరే ఆగిపోయాం.

తల్లి ఒంట్లో ఏం జరుగుతుంది?

ఏడో నెల దాటినప్పటినుంచి, పుట్టిన మొదటి వారం వరకు జరిగే శిశుమరణాలలో చాలావాటి వెనుక తల్లి అనారోగ్యం ఉంటుంది. 2019లో ప్రపంచంలో సుమారు 20 లక్షలమంది బిడ్డలు ఇలా చనిపోయి పుట్టారు. వారిలో నూటికి 40 మందికి పైగా నొప్పులు మొదలయ్యేవరకు బతికే ఉన్నారు.

బీపీ 140/90కి చేరితే ప్రమాదం. బిడ్డకు రక్తాన్నిచ్చే మాయకు సరఫరా తగ్గి, బిడ్డ ఎదగదు. ఒక్కోసారి కాన్పుకు ముందే మాయ విడిపోతుంది. ముదిరితే పెద్దలు గుర్రపువాతం అనే మూర్ఛ వస్తుంది.

రక్తహీనత మరో శత్రువు. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రపు గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని తేలింది. రక్తం చాలకపోతే బిడ్డ నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టవచ్చు. అయినా, మలం నల్లగా వస్తోందని ఐరన్ మాత్రలు పారేసేవారు, బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమని అన్నం తగ్గించేవారు ఉన్నారు.

అదుపులేని షుగరు, వైద్యం అందని సిఫిలిస్, తల్లిది నెగెటివ్ రక్తం, తండ్రిది పాజిటివ్ కావడం కూడా బిడ్డకు ముప్పే. ఇవన్నీ పరీక్షలతో ముందే బయటపడతాయి.

చేజారే కార్డు

మన కోనసీమలో తొలికాన్పుకు పుట్టింటికి తీసుకువెళ్లడం ఆనవాయితీ. మంచిదే. కానీ పరీక్షల కార్డు అత్తింట్లో ఉండిపోతుంది. ఇక్కడి నర్సమ్మ అక్కడ చూపిస్తున్నారనుకుంటుంది, అక్కడి నర్సమ్మకు ఈమె వచ్చినట్టే తెలియదు. బీపీ పెరిగే నెలల్లోనే చూసేవారు లేకుండా పోతారు. అందుకే చీరెసారెలకంటే ముందు ఆ కార్డు సంచిలో పెట్టండి.

1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చే నాటికి, మగ వైద్యుని ఎదుటికి రాలేక ఇళ్లలోనే బాధపడిన స్త్రీలెందరో. 1898లో ఆమె స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచారు. ఈనాడు ఆసుపత్రి పక్కనే కొత్తపేటలో ఉంది. 2016 నుంచి ప్రతినెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులను ఉచితంగా పరీక్షిస్తున్నారు. 108కి ఫోన్ చేస్తే బండి వస్తుంది. లేనిదల్లా అడిగే మనిషి.

స్త్రీల సమాజానికి ఒక మనవి

గర్భిణి కోసం ప్రార్థించే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఈ నెల బీపీ ఎంత? రక్తం ఎంత? బిడ్డ ఎప్పటిలా కదులుతోందా? కదలిక తగ్గినా, తలనొప్పితో చూపు మసకబారినా, రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా తెల్లవారే వరకు ఆగకండి. ప్రార్థన బండిలో కూర్చుని కూడా చేయవచ్చు.

మరుసటి వారం నేను మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. “అమ్మా, ఆవేళ నేనన్న మాట తప్పు. ఇది నీ పాపం కాదు” అన్నాను. బీపీవల్ల బిడ్డను పోగొట్టుకున్నవారు మళ్లీ గర్భం దాల్చితే మొదటి నెలల్లోనే డాక్టరుకు చెప్పాలని, మూడో నెల దాటాక చిన్న మోతాదు ఆస్పిరిన్ ఇచ్చి ముప్పు తగ్గిస్తారని వివరించాను.

ఆమె ఏమీ మాట్లాడలేదు. ఈసారి మాత్రం గోడవైపు తిరగలేదు.