తాడ్వాయి గృహస్థు

మహాపురుషుల చరిత్రములు వ్రాయుటయు, చదువుటయు లోకమున వాడుకయై యున్నది. అవి మేలైనవే. కాని తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకు వరకు చెమటోడ్చి, నలుగురి కడుపులు నింపి, పేరు లేకయే వెడలిపోవు సామాన్య గృహస్థుని చరిత్రము నెవరును వ్రాయరు. అట్టివాని కష్టమెట్టిదో, ఆ కష్టమున ఇల్లాలి పాలెంతయో సోదరీమణులతో ముచ్చటింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

తాడ్వాయి యనగానే మేడారము జాతర జరుగు ములుగు సీమలోని తాడ్వాయి పలువురకు దోచును. మేము చెప్పునది వేఱు. ఇది కామారెడ్డికిని ఎల్లారెడ్డికిని నడుమ నున్నది. 2016 అక్టోబరు వరకు నిజామాబాదు జిల్లాలో నుండి, పిదప క్రొత్తగా నేర్పడిన కామారెడ్డి జిల్లాలో చేరినది. మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరము ఈ జిల్లాలోనే యున్నను, దాని కాలువలు బాన్సువాడ, బోధనుల వైపు సాగినవి. తాడ్వాయి చుట్టుపట్ల పల్లెలకు చెరువులును, బోరుబావులును, వానదేవుని దయయునే దిక్కు. వాన కురిసిన యేట వరి, మక్కజొన్న, చెఱకు పండును. కురియని యేట బోరునకు చేసిన అప్పు మాత్రము పెరుగును.

ఇట్టి చోట ఎకరమో రెండెకరములో గల గృహస్థు ఏమి చేయగలడు? బిడ్డ పెండ్లి యున్నది, కొడుకు చదువున్నది, షావుకారు మిత్తి యున్నది. కొన్నాళ్లు కూలికి పోవును, కొన్నాళ్లు పట్నమున మేస్త్రీ క్రింద పని చేయును. అప్పటికిని గడవనిచో 'దుబాయి' పోవును. మస్కటునకు పోయినను, కువైటునకు పోయినను, ఈ సీమలో దుబాయి పోయినాడనియే యందురు. కామారెడ్డి, నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములనుండి ఇట్టి వలస దశాబ్దములుగా సాగుచున్నది.

అచ్చట ఒక గదిలో పలువురు, మంచముపై మంచము. తెల్లవారకముందే బస్సు, రోజెల్ల కట్టడపు పనియో, వీధులూడ్చుటయో. ఎండ యెంత తీక్ష్ణమన, ఎమిరేట్సులో జూను 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము పన్నెండున్నర మొదలు మూడు గంటల వరకు ఆరుబయట పని చేయించుట నిషేధింపబడినది. యజమానిని 'కఫీల్' అందురు, నివాసానుమతి 'అకామా'. అది తప్పినవాడు 'కల్లివెల్లి' యగును. పట్టుబడునేమో యని నిత్యము భయము. జబ్బుపడినను వైద్యుని కడకు పోవ జంకు.

ఇచ్చట ఇల్లాలు వంట ముగించి చాట యొడిలో పెట్టుకొని బీడీలు చేయ కూర్చుండును. నానవేసిన తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారము కట్టి, వేయి బీడీలు చేయునప్పటికి నడుము విరుగును. రాత్రి ఫోను వచ్చును. "మంచిగున్నవా?" అని ఈమె యడుగును. "మంచిగనే ఉన్న. పిల్లలు మంచిగున్నరా?" అని యతడనును. అతని జ్వరము ఈమెకు తెలియదు. ఈమె నడుము నొప్పి యతనికి తెలియదు. ఒకరి బాధ యొకరికి దాచుట ప్రేమచేతనే కావచ్చును. అప్పు లెక్క దాచుట మాత్రము కూడదని మా మనవి.

లెక్క యొకటి చూడుడు. వీసాకై ఏజెంటునకు లక్షన్నర యిచ్చిరనుకొందము. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తియైనచో, మొదటి నెల మిత్తియే మూడు వేలు. అతడు నెలకు 15 వేలు పంపి, ఇంటి ఖర్చులకు 8 వేలు పోగా, అప్పునకు 7 వేలు కట్టినను, రెండేండ్ల ఒప్పందము ముగియునాటికి ఇంకను సుమారు 28 వేలు మిగిలియుండును. రెండేండ్ల యెడబాటునకు ఫలము అప్పే! లైసెన్సు గల ఏజెంటు తన సేవకై తీసికొనదగినది 30 వేలును, దానిపై పన్నును మాత్రమే. తక్కిన ఖర్చులతో కలిపి అప్పు 50 వేలకు మించనిచో, ఎనిమిది నెలలలో తీరిపోవును. కావున డబ్బు చేతికిచ్చుటకు ముందే ఏజెంటు లైసెన్సును ప్రభుత్వపు ఈ-మైగ్రేటు జాబితాలో చూచుకొనవలెను. విజిటు వీసాపై పోయి పని చేసికొనవచ్చునను మాటను నమ్మరాదు.

పదవ తరగతి యుత్తీర్ణులు గాక ఈ దేశములకు పనికి పోవువారికి ప్రవాసీ భారతీయ బీమా విధింపబడినది. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు ప్రీమియము. ప్రమాదమున మరణించినను, శాశ్వతముగా అంగవైకల్యము కలిగినను 10 లక్షలు వచ్చును. గల్ఫులో మరణించిన కార్మికుల కుటుంబములకు 5 లక్షల సాయమీయ తెలంగాణ ప్రభుత్వము 2024 సెప్టెంబరులో ఉత్తరువు చేసినది. 2023 డిసెంబరు 7 మొదలు జరిగిన మరణములకు అది వర్తించును. కాని కాగితము లేనిదే ఏదియు చేతికి రాదు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందము, బీమాపత్రము, వీని నకళ్లును, కంపెనీ పేరును, తోడివాని ఫోను నంబరును ఇల్లాలి పెట్టెలో ఉండవలెను. పోవుటకు ముందే అడుగుట అపశకునమని కొందరు జంకుదురు. అది అపశకునము కాదు. ఇంటికి పెట్టిన తాళమువంటిది.

సోదరీమణులారా! భర్త సంపాదించువాడు, భార్య ఖర్చుపెట్టునది యను మాట ఈ పల్లెలలో చెల్లదు. ఇరువురును సంపాదించువారే, కావున లెక్క యిరువురికిని తెలియవలెను. అతడు పెట్టె సర్దుకొను రాత్రి, కంట తడి నాపుకొని, ఆ కాగితముల నొకసారి కూర్చుండి కలిసి చదువుకొనుడు. ఆ గృహస్థు క్షేమముగా తిరిగివచ్చి, తన వాకిట తన పిల్లలతో కూర్చుండి బువ్వ తినుగాక యని మా కోరిక.