ఇంటి పాలకు ఏ మేక?

పాలు అంటే అమీర్‌పేటలో మనకు ప్యాకెట్టే. తెల్లవారకముందే ట్రేలలో దిగుతుంది, మూల కత్తిరిస్తే టీ అవుతుంది. అయితే మనలో చాలామంది ఇళ్ల ముందు మేకలు కట్టేసి ఉంటాయి. విచిత్రమేమిటంటే ఆ ఇళ్లలోనూ పాలు కొనుక్కునే తాగుతున్నారు. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 49 లక్షల మేకలున్నాయి. వాటిలో ఎక్కువ భాగం మాంసానికి పెంచేవే. ఇంట్లో అవసరం పడితే ఒక పోతును అమ్మి మన ఫీజు కట్టడం మనకు తెలియని సంగతి కాదు.

ఆ మందలోనే పాడి మేకలు ఒకటో రెండో ఉంటే చెల్లికీ తమ్ముడికీ రోజూ గ్లాసు పాలు దొరుకుతాయి కదా అన్నది మా ఆలోచన. ఈమధ్య మాలో కొందరికి ఇంటి నుంచి ఫోన్లు కూడా వస్తున్నాయి. "జమునాపారి అంట బిడ్డా, దినాం మూడు లీటర్లు ఇస్తదంట, అప్పు తెచ్చి కొందామా?" అని. ఈ వ్యాసం ఆ ఫోన్లకు జవాబు అనుకోండి.

ముందుగా జమునాపారి సంగతి. దీని పుట్టిల్లు ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా జిల్లా, యమునా చంబల్ నదుల లోయలు. ఎత్తైన ఒళ్లు, చిలుక ముక్కులా వంగిన ముఖం, జానెడు దాటి వేలాడే చెవులు, తొడల వెనుక పొడవాటి వెంట్రుకలు. చూడగానే మనసు పారేసుకుంటాం. పాలు మాత్రం రోజుకు సగటున లీటరు నుంచి లీటరున్నర, బాగా మేపితే రెండు లీటర్లు. మూడు అనే మాట బేరగాళ్ల మాట. పైగా ఇది తల ఎత్తి కొమ్మ మేత మేసే జంతువు. దట్టమైన పొదలు, చెట్ల ఆకు ఉన్నచోట వర్ధిల్లుతుంది. మహబూబ్‌నగర్ వైపు ఎండిన బీడులో, పాకలో కట్టేసి వరిగడ్డి వేస్తే చిక్కిపోతుంది. పంజాబ్ బీటల్ కూడా పాలకు మంచి జాతే, దానికీ మేపు కావాలి. ఇక స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన సానెన్ పాలలో ప్రపంచంలోనే పేరు పొందింది. కానీ మన మే నెల ఎండకు అది తట్టుకోదు. దాని జోలికి వద్దు.

మన ఇళ్లకు మేము ముందుగా చెప్పేది ఉస్మానాబాదీ. ఉస్మానాబాద్ జిల్లా (ఇప్పటి ధారాశివ్) 1956 వరకు మన హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. అక్కడి నేల, ఎండ, మేత మనకు దగ్గర. ఎక్కువగా నల్లగా ఉంటుంది, తరచూ కవల పిల్లలను ఈనుతుంది. పాలు అర లీటరు నుంచి లీటరు వరకు. తక్కువే కదా అంటారేమో. కానీ బతికి, ఏటా ఈని ఇచ్చే అర లీటరు, చచ్చిపోయిన రెండు లీటర్ల కన్నా మేలు కదా!

కొనడానికి డబ్బు లేకపోతే ఇంకో దారి ఉంది. మన మందలోనే పిల్లలు తాగగా ఇంకా పాలు మిగిలే మేకను అమ్మను అడిగితే ఇట్టే చూపిస్తుంది. దాన్ని బాగా పాలిచ్చిన తల్లికి పుట్టిన మంచి జాతి పోతుతో దాటించాలి. పుట్టిన ఆడపిల్ల ఈని పాలిచ్చేసరికి దాదాపు రెండేళ్లు పడుతుంది. చిన్న ఒంటి మేకకు తొలిచూలులోనే భారీ పోతును కట్టవద్దు, ఈనేటప్పుడు కష్టమవుతుంది.

జాతి పేరు కన్నా ఆ మేక పొదుగు ముఖ్యం. సంతలో అమ్మేవాళ్లు ఒక పూట పిండకుండా ఆపి పొదుగు నిండుగా చూపిస్తారు. అందుకే ఈ సాయంత్రం పూర్తిగా పిండించి, రేపు ఉదయం, సాయంత్రం మన కళ్ల ముందు పిండించి కొలవాలి. పిండాక పొదుగు ఖాళీ సంచిలా మెత్తగా ముడుచుకుపోవాలి. అలాగే ఉండిపోతే అది పాలు కాదు, కండ. రెండో ఈతదో మూడో ఈతదో అయితే ఇంకా మంచిది. ఒప్పుకోని అమ్మకందారును వదిలేయండి.

ఒక్క మేకతో ఏడాది పొడుగునా పాలు రావు. మేక చూడి కాలం అయిదు నెలలు, మన దగ్గర పాలిచ్చేది అయిదారు నెలలు. అందుకే రెండు మేకలుండి, ఆరు నెలల తేడాతో ఈనితే ఇంట్లో పాలు తెగవు. ఒక్కో మేకకు రోజుకు మూడు నాలుగు కిలోల పచ్చి ఆకు (అవిశ, సుబాబుల్, తుమ్మ ఏదైనా), కొంచెం ఎండు మేత, పాలిచ్చేటప్పుడు పావు కిలో దాణా. పారుడు రోగం, చిటుకు రోగం టీకాలు, నట్టల మందు పశువైద్యశాలలో అడిగి వేయించాలి. పోతును పాల మేకకు దూరంగా కట్టాలి. మేకపాలు వాసన అనేవాళ్లు తాగింది చాలాసార్లు పోతు వాసనే.

నగరంలో స్థిరపడిన మన పూర్వ విద్యార్థి అన్నలు ఒకరిద్దరు డాబా మీద మేకను పెంచవచ్చా అని అడిగారు. పంజాగుట్ట అపార్ట్‌మెంట్‌లో వద్దన్నా. ఆకు ఎక్కడి నుంచి తెస్తారు? శివార్లలో పెరడు ఉన్నవాళ్లకైతే బార్బరీ బాగుంటుంది. చిన్న ఒళ్లు, నిలబడ్డ చెవులు, కట్టేసి మేపినా ఓర్చుకుంటుంది. ముప్పావు లీటరు దాకా ఇస్తుంది. అదీ ఒంటరిగా కాదు, జంటగా. ఒక్కటే ఉంటే అరిచి వాడను లేపుతుంది.

పాలు ఏ మేకవైనా కాచే తాగాలి. పచ్చిపాల వల్ల బ్రూసెల్లోసిస్ అనే జ్వరం మనుషులకు అంటుకుంటుంది. ఏడాది లోపు పసిపిల్లలకు తల్లిపాల బదులు మేకపాలు పట్టకూడదు, వాటిలో ఫోలేట్ చాలా తక్కువ. వానాకాలంలో డెంగ్యూతో పంజాగుట్ట ఆస్పత్రులకు వచ్చినవాళ్లు మేకపాల కోసం తిరగడం మనం చూస్తూనే ఉన్నాం. ఆ పాలతో ప్లేట్‌లెట్లు పెరుగుతాయనడానికి గట్టి రుజువు లేదు. ఊరి నుంచి ఎవరైనా అలా అడిగితే పాలు వెతకమని కాదు, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మని చెప్పండి.