ఇల్లున్న జాగ కొనేముందు

నారాయణఖేడ్ దగ్గరి ఊరిలో ఒక అక్క ఉందనుకుందాం. ఏటా మగనితో కలిసి చెరుకు నరకడానికి వలస పోతుంది. నాలుగేండ్లు పైసా పైసా కూడబెట్టింది. ఇప్పుడు సొంత ఇల్లు కావాలి.

ఊరి చివర చిన్న ఇల్లు అమ్మకానికి వచ్చింది. రాతి గోడలు. పైన రేకులు. ఒక్కటే అర్ర. వెనక ఖాళీ జాగ ఉంది. పైసలు వచ్చినప్పుడు వెనక ఇంకో రెండు అర్రలు వేయాలని ఆమె ఆశ.

అమ్మేటాయన అన్నాడు: "ఒక్క ఊరోళ్లమే గదా చెల్లె. తెల్లకాగితం మీద రాసుకుందాం. పెద్దమనుషులు సంతకం పెడతారు. ఖర్చు తప్పుతది."

ఇక్కడే ఆగాలి.

ఇట్లా రాసుకునే కాగితాన్ని సాదాబైనామా అంటారు. మన దిక్కు ఇది పాత అలవాటు. కానీ వంద రూపాయలు, ఆపైన విలువ ఉన్న ఇల్లయినా భూమయినా రిజిస్ట్రేషన్‌తోనే అమ్మాలి. ఈ చట్టం 1882 నాటిది. రిజిస్ట్రేషన్ లేకపోతే, పైసలన్నీ ఇచ్చినా, ఆ ఇంట్లోనే ఉంటున్నా, జాగ అమ్మినాయన పేరు మీదనే ఉంటుంది. రేపు ఆయన కొడుకులు వచ్చి "మా ఇల్లు ఖాళీ చెయ్యి" అంటే కోర్టు చుట్టూ తిరగాలి. 2014 జూన్ 2కు ముందు సాదాబైనామాతో సాగు భూమి కొన్నవాళ్ల దగ్గర ప్రభుత్వం 2020లో దరఖాస్తులు తీసుకుంది. అవి ఏండ్ల తరబడి నిలిచిపోయాయి.

ఇల్లు కంటికి కనబడుతుంది. దాని కింద జాగ ఎట్లాంటిది? అది అడిగి తెలుసుకోవాలి.

ఊరి నడుమ ఇండ్లున్న పాత జాగను గ్రామకంఠం అంటారు. ఆబాది అని కూడా అంటారు. దీనికి పాసుబుక్కు ఉండదు. అమ్మేటాయన దగ్గరున్న పాత కాగితాలు చూడాలి. ఇంటి పన్ను రశీదు ఉంటే చాలని చాలామంది అనుకుంటారు. పన్ను కట్టారని మాత్రమే ఆ రశీదు చెబుతుంది. ఈ ఇంటిని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ చేస్తారు.

చేనులో కట్టిన ఇల్లయితే దారి వేరు. ఆ భూమికి పాసుబుక్కు ఉండాలి. సాగు భూమి రిజిస్ట్రేషన్ 2020 నుంచి తహసీల్దార్ ఆఫీసులో జరుగుతోంది. 2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది. ఆఫీసు మాత్రం మారలేదు.

ప్రభుత్వం పేదలకు ఇచ్చిన జాగ ఇంకొకటి. దాన్ని అసైన్డ్ భూమి అంటారు. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మరాదు, కొనరాదు. ధర అగ్గువ అని ఆశపడితే ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు.

ఇల్లు తాతల నాటిదైతే అన్నదమ్ముల సంతకాలే చాలవు. అక్కచెల్లెళ్ల సంతకాలూ కావాలి. హిందూ కుటుంబాల్లో తాతల ఆస్తిలో కొడుకుతో సమానంగా బిడ్డకూ హక్కు ఉందని 2005 చట్టం చెబుతుంది. (మన పుట్టింట్లోనూ అంతే. ఎవరూ చెప్పరు గానీ!)

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గానీ మీసేవలో గానీ ఈ.సి. తీసుకోవాలి. ఆ జాగ ఇంతకుముందు ఎవరికైనా అమ్మారా, రిజిస్ట్రేషన్ చేసి తాకట్టు పెట్టారా అనేది అందులో ఉంటుంది. చేతి అప్పులు ఉండవు. వాటి సంగతి ఊళ్లో అడగాలి.

"రెండు గుంటల జాగ" అన్నాడు అమ్మేటాయన. ఒక గుంట అంటే 121 చదరపు గజాలు. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు. తాడు పట్టుకుని ఇద్దరు కొలిస్తే తెలిసిపోతుంది.

గోడలు కూడా చూడాలి. మన దిక్కు నల్లరేగడి ఎక్కువ. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. పునాది లోతు లేకపోతే గోడ పగులుతుంది. పగిలిన గోడ మీద స్లాబు వేయరాదు. మేస్త్రీని ఒకసారి తీసుకుపోయి చూపించాలి. కొత్త అర్రలు వేసేముందు గ్రామపంచాయతీ అనుమతి తీసుకోవాలి.

ఆ అక్క ఇవన్నీ చూసుకుంది. ఇల్లు తన పేరు మీద రాయించుకుంటానంది. ఆఫీసులో కాగితం చేతికిచ్చి "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అన్నారు. ఆమె వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివింది. తన పేరు సరిగ్గానే ఉంది. హద్దుల దగ్గర ఆగింది. బావి ఉన్నది తూర్పున. కాగితంలో పడమర అని ఉంది.

"ఇది దిద్దండి. తర్వాత పెడత" అంది.