కొలత తెలిసిన దంపతులు

బరంపురం పేరు వినగానే మన సరిహద్దు గ్రామాల వారికి పట్టుచీరలతో పాటు అప్పడాలు, వడియాలు, ఊరగాయలు గుర్తుకు వస్తాయి. ఆ పట్టణంలోనే 1894 ఆగస్టు 10న జన్మించిన వరాహగిరి వెంకటగిరి గారు 1969 నుండి 1974 వరకు భారత రాష్ట్రపతిగా ఉన్నారన్నది అందరికీ తెలిసినదే. ఆయన పెద్ద కుమార్తె సుభద్రా కృష్ణారావు పరిగి గారి వంటలు రెండు దశాబ్దాల క్రితం ఒక ఆంగ్ల గ్రంథంగా వెలువడి, వంట పుస్తకాలకిచ్చే అంతర్జాతీయ పురస్కారం ‘గోర్మాండ్’ను పొందిన సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఇంటివారు ఆమెను ‘పెదత్త’ అని పిలిచేవారు. పుస్తకం పేరులోనూ ఆ పిలుపే నిలిచింది. ఆ వంటలను ఆమె వద్ద నేర్చుకొని గ్రంథస్థం చేసినవారు జిగ్యాసా గిరి, ప్రతిభా జైన్ అనే ఇద్దరు మహిళలు.

వండే చేయి, కొలిచి వ్రాసే చేయి ఒకచోట కలిసినందువల్లనే ఆ పుస్తకం సాధ్యమైంది. ఈ రెండు చేతులూ ఒకే ఇంటిలో, ఒకే దంపతులలో కలిసిన ఉదాహరణ ఒకటి ఉన్నది. వారు మన ప్రాంతం వారు కారు, అమెరికా దేశస్థులు. అయినప్పటికీ వారి కథ మన వంటిళ్లకు ఎంతో దగ్గరగా ఉంటుంది.

ఆయన పేరు ఏన్సెల్ కీస్. 1904లో జన్మించారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో శరీరధర్మ శాస్త్రవేత్త. ఆమె పేరు మార్గరెట్. 1909లో జన్మించారు. జీవరసాయన శాస్త్రం తెలిసినవారు. వీరి వివాహం 1939లో జరిగింది. రెండవ ప్రపంచ యుద్ధం ముగియవచ్చిన రోజులలో కీస్ గారు ఆకలిపై ఒక పరిశోధన చేశారు. స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన 36 మంది యువకులకు 24 వారాల పాటు అర్ధాకలి భోజనమే పెట్టి, వారి శరీరంలోనూ మనస్సులోనూ వచ్చిన మార్పులను నమోదు చేశారు. తరువాత వారికి తిరిగి తిండి పెట్టి కోలుకొనే విధానాన్నీ పరిశీలించారు. యుద్ధంలో చిక్కి శల్యమైన ప్రజలకు ఆహారం ఎట్లా అందించాలో తెలుసుకోవడమే దాని ఉద్దేశం.

1951లో రోము నగరంలో జరిగిన ఒక సమావేశంలో నేపుల్స్ పట్టణపు ఆచార్యుడొకరు, తమ ఊరిలో గుండెజబ్బులు చాలా అరుదని కీస్ గారితో అన్నారు. అమెరికాలో అప్పటికే నడివయస్సు పురుషులు ఆ జబ్బుతో హఠాత్తుగా మరణిస్తున్నారు. ఆ మాట నిజమో కాదో చూడదలచి 1952లో దంపతులిద్దరూ పరికరాలను కారులో పెట్టుకొని నేపుల్స్ చేరుకొన్నారు. అక్కడి శ్రామికుల రక్తంలో కొలెస్టరాల్ ఎంత ఉన్నదో కొలిచినవారు మార్గరెట్ గారే. శ్రామికులలో అది తక్కువగాను, మాంసం తరచుగా తినే సంపన్నులలో ఎక్కువగాను కనిపించింది. ఆ శ్రామికుల తిండి ఏమిటి? రొట్టె, గోధుమపిండి వంటకాలు, చిక్కుడు జాతి గింజలు, ఆకుకూరలు, ఆలివ్ నూనె. మాంసం వారానికి ఒకటి రెండు మార్లు మాత్రమే. అది పేదరికం నేర్పిన భోజనం.

ఈ పరిశీలన పెరిగి 1958లో ఏడు దేశాల అధ్యయనంగా రూపొందింది. పన్నెండు వేలకు పైగా పురుషులను దీర్ఘకాలం పరిశీలించారు. దాని మరుసటి సంవత్సరం, 1959లో, దంపతులిద్దరి పేరుతో ఒక వంట పుస్తకం వెలువడి విశేషంగా అమ్ముడుపోయింది. శాస్త్రం ఆయన చెప్పగా, దానిని గృహిణి పొయ్యి మీదికి చేర్చే వంటకాలను మార్గరెట్ గారు సమకూర్చారు. 1967లో పప్పుధాన్యాల మీదనే మరొక పుస్తకం ప్రచురించారు. పుస్తకాల ఆదాయంతో ఇటలీ దక్షిణ తీరంలోని పియోప్పి అనే పల్లెలో ఇల్లు కట్టుకొని చాలాకాలం నివసించారు. ఆయన 2004లో నూరేళ్లు నిండిన పిమ్మట, ఆమె 2006లో 97వ ఏట మరణించారు. 2010లో మధ్యధరా తీరపు ఆహార పద్ధతిని యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది.

కీస్ గారి నిర్ణయాలన్నిటినీ అందరూ అంగీకరించలేదు. ఏడు దేశాలనే ఎందుకు ఎన్నుకొన్నారని, స్త్రీలను ఎందుకు విడిచిపెట్టారని, చక్కెర దోషాన్ని తక్కువ చేశారని విమర్శలు వచ్చాయి. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణం కాదన్న హెచ్చరిక కూడా న్యాయమైనదే. అయినప్పటికీ పేదవాని కంచాన్ని కొలిచి చూడదగినదిగా భావించడం, దానిని వంట పుస్తకంగా వ్రాయడం వారు చేసిన మేలు.

మన సంగతి చూద్దాం. శ్రీకాకుళం, గంజాం ప్రాంతాలు చేరిన ఉత్తర సర్కారు జిల్లాలలో ఒకప్పుడు బెరిబెరి వ్యాధి ఎక్కువగా ఉండేది. మరపట్టిన తెల్లబియ్యంలో బి1 విటమిను పోవడమే అందుకు కారణం. ఉప్పుడు బియ్యంలో ఆ నష్టం తక్కువ. వడ్లను నానబెట్టి ఉడికించినపుడు పైపొరలోని విటమిను గింజ లోపలికి ఇంకుతుంది. ఈ బెరిబెరి విచారణకే 1918లో కూనూరులో ప్రారంభమైన పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా ఉన్నది. ఆ సంస్థ లెక్కల ప్రకారం వంద గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్లబియ్యంలో పది మిల్లీగ్రాముల వరకే. మన పెద్దలు ఉదయాన్నే తాగిన చోడి అంబలి బీదవాని గంజి మాత్రమే కాదని ఈ అంకెలు చెబుతున్నాయి. అలాగని పాతదంతా మేలు కాదు. ఊరగాయలలోనూ అప్పడాలలోనూ ఉప్పు ఎక్కువ. రక్తపోటు ఉన్నవారు వాటిని తగ్గించవలసిందే. మంచిచెడ్డలు రెండూ కొలిస్తేనే తెలుస్తాయి.

కొలవాలంటే ముందు వ్రాసి ఉండాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి బరంపురం అందులో చేరిన నాటి నుండి మన కుటుంబాలలో పిల్లలు ఎక్కువగా ఒడియా బడిలోనే చదువుతున్నారు. ఇంట తెలుగు మాట్లాడుతున్నా తెలుగు అక్షరాలు రాని పిల్లలు అనేకులు. నాయనమ్మ ‘సోలెడు పప్పుకు గుప్పెడు గోంగూర’ అన్నప్పుడు సోలెడు ఎంతో వారికి తెలియదు. ఆమె పోయిన తరువాత అడగడానికి ఎవరూ ఉండరు. తరవాణి కుండను ఎన్నాళ్లకొకసారి కడగాలో, ఆవపెట్టిన కూరలో ఆవపిండి ఎప్పుడు కలపాలో ఏ బడిలోనూ చెప్పరు.

కనుక ప్రతి ఇంటిలోనూ ఒక నోటుపుస్తకం పెట్టుకోవలసిందిగా మా మనవి. పెద్దావిడ వండుతుండగా పిల్లలు ప్రక్కన కూర్చొని, ఆమె వేసే పిడికిలిని వేసే ముందు గ్లాసుతోనో త్రాసుతోనో కొలిచి వ్రాసుకోవాలి. వంటకం పేరు, ఏ నెలలో చేస్తారు, ఎన్ని రోజులు నిలువ ఉంటుంది, ఎవరి వద్ద నేర్చుకొన్నారు అన్నవి కూడా చేర్చాలి. తెలుగు లిపి రాకపోతే ఒడియా లిపిలోనే వ్రాయండి, కాని వంటకం పేరు తెలుగులోనే ఉంచండి. మార్గరెట్ గారు కారులో సముద్రతీరం వరకు వెళ్లి తెలుసుకొన్నది మన ఇళ్లలో పొయ్యి ప్రక్కనే ఉన్నది. పెద్దావిడ ఓపికగా ఉన్నపుడే అడిగి తెలుసుకోవాలి.